23వ రోజు తెగిన దీక్ష: మళ్ళీ మళ్ళీ తాగుడుకు వెళ్ళిన ఒక మేస్త్రీ కేసు

కార్తీకం మొదలైన పది రోజుల్లోపే మా డీ-అడిక్షన్ విభాగానికి ఏటా ఒక రకం కేసులు వస్తాయి. అయ్యప్ప మాల వేసుకొని ఒక్కసారిగా మందు ఆపేసినవారిని, రెండో రోజునో మూడో రోజునో ఫిట్స్ వచ్చాయనో, లేనివి కనిపిస్తున్నాయంటున్నారనో, నల్లబట్టలతోనే తీసుకొస్తారు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన శరీరానికి మద్యం ఆపిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ ప్రమాదం, 48 నుంచి 72 గంటల మధ్య మతిభ్రమ ప్రమాదం ఉంటాయి కాబట్టి, రోజూ తాగే అలవాటున్నవారు మాల వేసుకొనే ముందు డాక్టరును కలవాలని మా ప్రాంతపు గురుస్వాములకు ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నాను. కొందరు వింటున్నారు కూడా.

ఇక్కడ రాస్తున్న కేసు అలాంటిది కాదు. ఇది మాల మధ్యలో, 23వ రోజున తాగిన మనిషిది. నేను గోదావరి జిల్లాల్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా 17 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ కేసుకు ముందు దేవుడి ప్రస్తావనను కౌన్సెలింగ్ గదిలోకి రానివ్వకపోవడమే పద్ధతి అనుకొనేవాణ్ణి. ఆ అభిప్రాయం ఎందుకు మారిందో, మారిన తర్వాత కూడా నేనెక్కడ పొరపాటు పడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేషెంటును గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. రాసినదంతా ఆయనకూ, ఆయన భార్యకూ చదివి వినిపించి ఒప్పుకోలు తీసుకున్నాను.

వచ్చినప్పటి స్థితి

ఆయనకు 44 ఏళ్ళు. తాపీ మేస్త్రీ. యువకుడిగా కొన్నేళ్ళు చెన్నైలో పనిచేసి వచ్చారు. మామూలు రోజుల్లో మూడు క్వార్టర్లు తాగేవారు. ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు; మన దగ్గర అమ్మే విస్కీలోనో బ్రాందీలోనో అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అంటే రోజుకు 180 గ్రాములు శరీరంలోకి వెళ్ళేది. తాగుడు తీవ్రతను కొలిచే ఆడిట్ ప్రశ్నావళిలో 40కి 29 వచ్చింది. 20 వచ్చినా మద్యంమీద ఆధారపడే స్థితిని అనుమానించాలి. మా దగ్గర చేరడం ఇది మూడోసారి.

డిసెంబరు రెండో వారంలో ఆయన్ను భార్య ఆటోలో తీసుకొచ్చింది. ఒంటిమీద నల్లపంచె ఉంది, మెడలో మాల లేదు. ఓ ఇంటికి స్లాబ్ వేసిన సాయంత్రం యజమాని మేస్త్రీలకు మామూలుగా ఇచ్చే విందులో కూలీలందరూ తాగుతుంటే, ఈయన దూరంగా కూర్చొని పులిహోర తిన్నారు. అందరూ వెళ్ళిపోయాక సీసాలో మిగిలినది తాగారు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళలేదు. మాల తీసి పనిముట్ల సంచిలో తాపీకీ మట్టగోలుకీ మధ్య పెట్టి, కట్టుబడిలో ఉన్న ఆ ఇంట్లోనే ఆరు రోజులు తాగుతూ పడి ఉన్నారు. సంచి విప్పి చూపించినప్పుడు తులసిపూసల సందుల్లో సిమెంటు గట్టిపడి ఉంది. దాన్ని చూసినంతసేపూ ఆయన తల ఎత్తలేదు.

విత్‌డ్రాయల్‌కు, అంటే మద్యం ఆపినప్పుడు వచ్చే లక్షణాలకు, డాక్టర్లు క్లోర్‌డయాజెపాక్సైడ్ మోతాదు తగ్గిస్తూ ఇచ్చారు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు చేశారు. ఐదో రోజుకు చేతుల వణుకు తగ్గి, నిద్ర పట్టింది. అక్కడి నుంచి నా పని మొదలైంది.

క్యాలెండర్లు

ఈ కేసులో నాకు దొరికిన అతి విలువైన రికార్డు ఆస్పత్రిది కాదు. ఆయన భార్య అంతకు ముందు ఆరేళ్ళ గోడ క్యాలెండర్లు దాచిపెట్టింది. పాలు పోయించుకున్న లెక్క నీలిసిరాతో, భర్త తాగి వచ్చిన రోజు ఎర్రచుక్కతో ఒకే గడిలో ఉంటాయి. ఆరు క్యాలెండర్లనూ బల్లమీద పరిచి చూస్తే, ఏ ఏడాది చూసినా నవంబరు మధ్య నుంచి ఒక మండలం, అంటే 41 రోజులు, తెల్లగా ఉంది. దీక్షలో ఉండగా ఆయన చుక్క తాగలేదన్నమాట. మాల విరమణ తర్వాత మొదటి చుక్క ఒక ఏడాది ఆ సాయంత్రమే, ఒక ఏడాది నాలుగో రోజున, అన్నిటికన్నా ఎక్కువ ఆగిన ఏడాది భోగినాడు కోడిపందేల బరి దగ్గర. మాల వేసుకోవడానికి ముందు పది రోజులు మాత్రం ఎర్రచుక్క పక్కన మరో చుక్క కూడా ఉండేది. ఎలాగూ ఆపేస్తున్నాం కదా అని ఆ పది రోజులూ రెట్టింపు తాగేవారు.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. మొదటి చుక్క పడ్డాక రెండోది ఎప్పుడూ మర్నాడే ఉంది. ఆ తర్వాత మళ్ళీ నవంబరు దాకా ఖాళీ గడులు వెతుక్కోవాల్సిందే.

అమెరికన్ మనస్తత్వవేత్తలు అలన్ మార్లాట్, జుడిత్ గోర్డన్ 1985లో వివరించిన ఒక పరిణామాన్ని మేము నియమభంగ ప్రభావం అంటాం. పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్న మనిషి ఒకసారి తప్పినప్పుడు, ఆ తప్పును ఆ సాయంత్రపు పరిస్థితికి కాక తన స్వభావానికే అంటగట్టి, నా బతుకింతే అనే నిర్ణయానికి వచ్చి, ఇక ఆపుకోవలసిన పనేముందని పూర్తిగా తాగుడులోకి జారిపోతాడు. మొదటి గ్లాసు కన్నా ఆ తర్వాతి సిగ్గే ఎక్కువ తాగిస్తుంది. వ్యసనాల చికిత్సలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ వాడతారని చెప్పే లెక్క బీపీకీ, ఉబ్బసానికీ మందులు మానేసి మళ్ళీ జబ్బు తెచ్చుకొనేవారి లెక్కకు దగ్గరగానే ఉంటుంది. కానీ బీపీ పెరిగినందుకు ఎవరూ దేవుడి నుంచి మొహం దాచుకోరు.

ఈయన దాచుకున్నారు. తాగిన ఏ ఏడాదీ తర్వాతి నవంబరు దాకా గుడి మెట్లెక్కలేదు. భార్య దీపం పెట్టే వేళకు వీధిలోకి వెళ్ళిపోయేవారు. "స్వామి ఒకసారి క్షమిస్తాడు, రెండుసార్లు క్షమిస్తాడు, నా ఖాతా ఎప్పుడో అయిపోయింది సార్" అన్నది నేను నోట్సులో ఉన్నదున్నట్టు రాసుకున్న మాట. వెనక్కి తిరిగి చూస్తే, మొదటి రెండు అడ్మిషన్లలో కూడా ఆయన ఈ మాటే వేరే విధంగా చెప్పారు. నేను వినలేదు. "దేవుడి సంగతి అలా ఉంచండి, ట్రిగ్గర్ల సంగతి మాట్లాడుకుందాం" అన్నట్టు పాత ఫైల్లో నా చేతిరాతే ఉంది.

దీక్ష ఏం చేస్తుంది

దీక్ష ఆరేళ్ళూ ఎందుకు పనిచేసిందో ముందు తేల్చుకోవాలి. తెల్లవారకముందే చన్నీటి స్నానం, రెండు పూటలా పూజ, నేలమీద పడక, ఒంటిపూట భోజనం, సాయంత్రం భజన, పక్కన ఎప్పుడూ పదిమంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నిన్నటిదాకా ఏరా అని పిలిచినవారు కూడా స్వామీ అని పిలుస్తారు. మెడలో మాల ఉన్నవాడికి ఈ జిల్లాలో ఎవరూ గ్లాసు అందివ్వరు. ఇన్ని ఆసరాలు ఒక్క రోజున మొదలై ఒక్క రోజునే పోతాయి. తల్లి చేతులమీదుగా మాల తీయగానే నిద్రలేచే వేళ, పిలుపు, సాయంత్రం కూర్చొనే చోటు అన్నీ మారిపోయి, పాత పేరుతో పాత వీధిలో నిలబడతాడు. మా దగ్గరికి వచ్చే క్రైస్తవుల్లో 40 రోజుల శ్రమదినాల తర్వాత, ముస్లింలలో రంజాన్ నెల తర్వాత కూడా ఇదే చూశాను.

అందుచేత ఆయన విషయంలో రెండు నమ్మకాలు కలిసి పనిచేస్తున్నాయని అంచనాకు వచ్చాను. మాలకు ముందు: స్వామి కడిగేస్తాడు గనక ఇప్పుడు ఎంత తాగినా పరవాలేదు. తప్పిన తర్వాత: నా ఖాతా అయిపోయింది గనక ఇక ఎంత తాగినా ఒకటే. పైకి ఇవి ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. రెండిటిలోనూ దైవకృప అంటే బ్యాంకు ఖాతాయే, ఒక దాంట్లో నిండుగా ఉంది, మరొక దాంట్లో అడుగంటింది.

ముందున్న మాట

మూడో సెషన్‌లో, పూజ చివర రోజూ ఏం చదువుతారని అడిగాను. అయ్యప్ప భక్తులందరూ చదివే క్షమాపణ మంత్రాన్ని గుక్కతిప్పుకోకుండా చెప్పారు: అరిందుమ్ అరియామలుమ్, తెరిందుమ్ తెరియామలుమ్. అర్థం ఏమిటన్నాను.

"తెలియక చేసిన తప్పులు క్షమించి కాపాడమని సార్."

"తెలియక చేసినవేనా? మీకు తమిళం వచ్చు కదా. మొదటి మాట ఏమిటి?"

"అరిందుమ్…" అని ఆగిపోయారు. కాసేపటి తర్వాత, "అరిందుమ్ అంటే తెలిసి. తెలిసీ చేసినవి" అన్నారు. మళ్ళీ కొంతసేపు మౌనంగా ఉండి, "ఆరేళ్ళ నుంచి చదువుతున్నాను సార్. ముందున్న మాట వదిలేసి వెనకది పట్టుకున్నాను" అన్నారు.

తెలుగు ఇళ్ళలో పూజ ముగింపున చెప్పుకొనే సంస్కృత శ్లోకంలోనూ ఇలాంటిదే ఒక మాట ఉంది. అపరాధ సహస్రాణి క్రియంతేఽహర్నిశం మయా. క్రియంతే అంటే చేయబడుతున్నాయి. చేయబడినవి అని కాదు. పగలూ రాత్రీ వేల తప్పులు చేస్తూనే ఉన్నాను, నీ దాసుడననుకొని క్షమించు అనే ఈ మనవి, రేపు కూడా మళ్ళీ ఇదే మనవి చెప్పుకోవలసి వస్తుందని తెలిసినవాడిది. తప్పు చేయనివాళ్ళ కోసం రాసిన ప్రార్థనైతే రోజూ చదవమని పెద్దలు ఎందుకు చెబుతారు అని అడిగాను. ఆయన నవ్వారు. చేరిన తర్వాత నవ్వడం అదే మొదటిసారి.

నా పొరపాటు ఇక్కడ జరిగింది. ఆ నవ్వు చూసి పని అయిందనుకున్నాను. తర్వాతి వారం ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అయితే ఎన్నిసార్లు తప్పినా స్వామి ఏమీ అనుకోడన్నమాట" అన్నారు. ఖాళీ అయిన ఖాతాను నేను నింపి ఇచ్చాను, అంతే. నామబలం ఉంది కదా అని పాపానికి దిగడం పది నామాపరాధాల్లో ఒకటని పద్మపురాణం చెబుతుందని అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చింది.

ఆ పై సెషన్‌లో పరీక్షిత్తు ప్రశ్నతో మొదలుపెట్టాను. భాగవతం ఆరో స్కంధం ఆరంభంలో (తెలుగులో ఈ స్కంధం పోతన గారిది కాదు, ఏర్చూరి సింగన గారిది) పరీక్షిత్తు శుకుణ్ణి నిలదీస్తాడు: మనిషి ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు, మళ్ళీ అదే పాపం చేస్తాడు, ఇది కుంజరశౌచం లాంటిది కదా, స్నానం చేసి ఒడ్డెక్కిన ఏనుగు దుమ్ము పోసుకున్నట్టు, ఇక ఆ ప్రాయశ్చిత్తం ఎందుకు? డీ-అడిక్షన్ వార్డులో తోడుగా ఉండే ప్రతి బంధువూ అడిగేది ఇదే. శుకుడు ఆ ప్రశ్నను కొట్టిపారేయడు. కర్మతో కర్మను పూర్తిగా తుడవలేమని ఒప్పుకొని, ప్రాయశ్చిత్తం అంటే విమర్శనం, అంటే లోతుగా ఆలోచించి చూసుకోవడం, అంటాడు. వెంటనే వైద్యుడి మాట ఒకటి చెబుతాడు: పథ్యం తినేవాణ్ణి రోగాలు లొంగదీయలేవు, అలాగే నియమం పాటించేవాడు మెల్లగా క్షేమానికి అర్హుడవుతాడు. మూలంలో శనైః అనే ఉంది. మెల్లగా. విమర్శనాన్ని వ్యాఖ్యాతలు తత్త్వజ్ఞానంగా వివరిస్తారు. దాన్ని నేను, స్లాబ్ వేసిన సాయంత్రం ఏం జరిగిందో ఆలోచించి చూసుకోవడం దాకా కిందికి దించుకున్నాను, ఆ స్వేచ్ఛ నాదే. ఆ తర్వాత కథలో వచ్చే, పాపాల్లో బతికిన అజామిళుడు సైతం నారాయణ నామం పలికిన క్షణంలోనే తరించలేదు. మరణం తప్పింది, లేచి కూర్చొని, తన బతుకు తలచుకొని ఏడ్చి, ఇల్లు వదిలి గంగాద్వారానికి వెళ్ళి సాధన చేశాడు. కృప వల్ల అతనికి దొరికింది సమయం.

"మీకూ ప్రతిసారీ సమయమే దొరికింది. తప్పిన మర్నాటి పొద్దుట మీరు ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగాను. జవాబు చెప్పడానికి ఆయనకు రెండు సెషన్లు పట్టింది.

భార్య చెప్పినది

కుటుంబ సెషన్‌లో నేను ఈ కృప మాటే ఆమె దగ్గర కూడా ఎత్తబోయాను. ఆమె అడ్డుకుంది. "స్వామికేం సార్, క్షమిస్తాడు. ఆయన అద్దె కట్టాలా, పిల్ల కాలేజీ ఫీజు కట్టాలా?" అంది. రెండేళ్ళ కిందట ఒకసారి చెయ్యి చేసుకున్న సంగతి కూడా అప్పుడే బయటపడింది.

దేవుడి క్షమను చూపించి భార్య దగ్గర ఓర్పు వసూలు చేయడం మా వృత్తిలో తరచుగా జరిగే అన్యాయం. నేనూ ఆ దారి తొక్కబోయానని ఒప్పుకోవాలి. ఆమె ఎదుటే పేషెంటుతో, సీతను పొడిచిన కాకాసురుడి కథ మాట్లాడాను. దర్భపుల్ల బ్రహ్మాస్త్రమై తరుముతుంటే లోకాలన్నీ తిరిగి, చివరికి రాముడి కాళ్ళమీదే పడిన ఆ కాకిని, చంపదగినవాడైనా దయతో కాపాడాడని వాల్మీకి అంటాడు; అయినా వేసిన అస్త్రం వృథా పోలేదు, కుడికన్ను తీసుకుంది. ప్రాణం మిగిలిందని చెప్పి కన్ను తిరిగి ఇమ్మని కాకి అడగలేదు. అది విని పేషెంటు, భార్యవైపు చూడకుండానే, "డబ్బు నా చేతికి రానివ్వకు" అన్నారు.

అక్కడికక్కడే కొన్ని ఏర్పాట్లు రాసుకున్నాం. కూలిడబ్బు నేరుగా ఆమె ఫోన్‌పేకు వస్తుంది. తాగిన రాత్రి ఆయన ఇంటికి కాక తమ్ముడి ఇంటికి వెళ్ళాలి. మళ్ళీ చెయ్యి ఎత్తితే ఆమె 181కి ఫోన్ చేస్తుంది, అందుకు ఆయన ఎవరినీ తప్పుపట్టకూడదు. స్లాబ్ రోజున యజమాని ఇచ్చే మామూలు విందుగా కాక డబ్బుగానే తీసుకొని, పోత అయిన వెంటనే సహాయకుడితో కలిసి బయలుదేరాలి. లివర్ పరీక్షలు చూసి డాక్టర్లు తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. డైసల్ఫిరామ్ ఇవ్వలేదు, దానిమీద తాగితే ప్రాణాపాయం, ఈయన తాగరని మేమెవరం చెప్పలేం.

గురుస్వామి

పేషెంటుకు అన్నిటికన్నా భయం గురుస్వామిని కలవడం. రిటైరైన ఆర్టీసీ కండక్టరు ఆయన; డెబ్బై దాటినవారు. వార్డుకు రమ్మని నేనే కబురు పెట్టాను. మళ్ళీ మాల వేసి పంపిస్తారేమో, లేక తిట్టి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ఆయన సిమెంటు అంటిన మాలను చేతిలోకి తీసుకొని, గోటితో ఒక పూస గీకి చూసి, "నియమం నియమమే నాయనా. ఈ ఏడు నీకు ఇరుముడి కట్టను" అన్నారు. పేషెంటు తల వంచుకున్నారు. "కానీ భజనకు రా. నల్లబట్టలు వద్దు, మామూలు బట్టలతో వచ్చి వెనక కూర్చో. మా స్వాములు కొండకు వెళ్ళొచ్చాక కూడా రా. తాగినరోజు రావద్దు, మర్నాడు తప్పకుండా రా" అన్నారు.

పాఠ్యపుస్తకాలు చదివి నేను నెల రోజులుగా కట్టుకొస్తున్న ప్రణాళిక అంతా ఆ చివరి మాటలో ఉంది. నియమాన్ని సడలించలేదు, తలుపు మూయలేదు. ఆ తర్వాత చికిత్స లక్ష్యాన్ని మార్చి రాశాను. అప్పటిదాకా ఫైల్లో పూర్తిగా మానడం అని ఉన్నచోట, తప్పిన తర్వాత 24 గంటల్లోపు ఫోన్ లేదా భజన అని చేర్చాను. పూర్తిగా మానడాన్ని కొట్టేయలేదు. ఎన్ని రోజులు మానారన్న లెక్కతో పాటు, తప్పినప్పుడు ఎంతసేపటికి తిరిగి వచ్చారన్నది కొలవడం మొదలుపెట్టాం.

14 నెలలు

మొదటిసారి తప్పింది మార్చిలో. మూడు రోజులు తాగారు, నాలుగో రోజు ఫోన్ చేశారు. జూన్‌లో ఒక సాయంత్రం. మర్నాడు భజనలో ఉన్నారు. ఆగస్టులో ఒక్క రోజు. అక్టోబరులో మాత్రం తల్లి పోయినప్పుడు ఐదు రోజులు తాగారు, ఆ ఐదు రోజులూ ఫోన్ ఆఫ్‌లో ఉంది, పాత కథ మొదలైందని నేనూ అనుకున్నాను. ఆరో రోజు కర్మకు వచ్చిన గురుస్వామితోనే ఓపీకి వచ్చారు. మధ్యలో రెండు నెలలు నాల్‌ట్రెక్సోన్ వేసుకోలేదని కూడా అప్పుడే తెలిసింది. ఏడాది మైలుందని నవంబరులో మాల వేసుకోలేదు. ఏ మాలా లేకుండా ఆ 41 రోజులు ఉండి చూస్తానన్నారు, ఉన్నారు.

ఆమె ఇంకా క్యాలెండర్‌లో చుక్కలు పెడుతూనే ఉంది. క్షమించారా అని నేను అడగలేదు. కూలిడబ్బు ఇంకా ఆమె ఫోన్‌కే వస్తోంది.

ఈ జనవరి 16న, కనుమ మర్నాడు, పొద్దున ఆరున్నరకు నా ఫోన్ మోగింది. గొంతు బొంగురుగా ఉంది. "సార్, నిన్న రాత్రి తప్పు జరిగింది. తమ్ముడి ఇంట్లో ఉన్నాను. ఇవాళ ఓపీ ఎన్నింటికి?"

తొమ్మిదికి అని చెప్పాను. ఎనిమిదిన్నరకే వచ్చి బెంచీమీద కూర్చొని ఉన్నారు.